పది నిమిషాలకు కూడా జీతమా?

2018 జూలైలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక దావాలో తీర్పు చెప్పింది. దావా వేసినవాడు తనకు రావాలన్న బాకీ 102 డాలర్ల 67 సెంట్లు. అతను స్టార్‌బక్స్ అనే కాఫీ కంపెనీ దుకాణంలో షిఫ్టు సూపర్వైజరు. రాత్రి దుకాణం కట్టేవేళ హాజరు గడియారంలో తన పని ముగిసినట్లు నమోదు చేసేవాడు. ఆ తరువాత ఆనాటి అమ్మకాల లెక్క ముఖ్య కార్యాలయానికి పంపేవాడు, అలారం పెట్టేవాడు, తలుపుకు తాళం వేసేవాడు, తోటి ఉద్యోగులను వారి కార్ల దాకా సాగనంపేవాడు. ఇదంతా రోజుకు 4 నిమిషాల నుంచి 10 నిమిషాల పని. 17 నెలల కాలానికి అన్నీ కూడితే 12 గంటల 50 నిమిషాలు తేలింది. గంటకు 8 డాలర్ల చొప్పున లెక్క కడితే పైన చెప్పిన సొమ్ము.

ఆవగింజంత సొమ్ముకు ఇంత రాద్ధాంతమా అన్నది కంపెనీ వాదన సారాంశం. కోర్టువారు ఒప్పుకోలేదు. గంటల లెక్కన జీతం తీసుకునే మనిషికి అది వారం రోజుల వెచ్చాలకో, నెల రోజుల బస్సు చార్జీలకో సరిపోయే డబ్బు. ప్రతిరోజూ తప్పకుండా చేయించుకునే పనిని "నిమిషాలదేముంది లెండి" అని ఎగవేయటానికి వీల్లేదన్నారు.

ఎక్కడో అమెరికాలో జరిగిన సంగతి మనకెందుకని పాఠకులు పేజీ త్రిప్పవద్దు. ఇవాళ మన జిల్లాల్లో, కొడుకో అల్లుడో అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో వున్నాయి. వారిలో ఉద్యోగంతో సరిపెట్టుకోక హోటలో, కిరాణా కొట్టో, పెట్రోలు బంకో, కంప్యూటరు కన్సల్టెన్సీయో పెట్టినవారు తక్కువేమీ కాదు. వ్యాపారం పెట్టేటప్పుడు స్థలం చూస్తారు, బేరం చూస్తారు, బ్యాంకు వడ్డీ చూస్తారు. పనివాళ్ళ గంటల లెక్క మాత్రం "మనవాళ్ళే గదా, చూసుకుందాం" అని వదిలేస్తారు. ఆ వదిలేసిన లెక్కే ఒకనాడు కోర్టు కాగితమై తలుపు తడుతుంది. అప్పుడు కంపెనీ పేరు అడ్డం పెట్టుకుందామన్నా కుదరదు. వ్యాపారాన్ని స్వయంగా నడిపే యజమానిని కోర్టులు వ్యక్తిగతంగా కూడా బాధ్యుణ్ణి చేయవచ్చు. అంటే దుకాణంతోబాటు కాపురమున్న ఇల్లు కూడా ప్రమాదంలో పడ్డట్టే.

చట్టం ఏమంటుంది?

ఈ వ్యాజ్యాలకు మూలమైన చట్టం పేరు ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ ఆక్ట్. 1938 జూన్ 25న ప్రెసిడెంటు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు దానిపై సంతకం చేశాడు. దేశం ఆర్థికమాంద్యంలో అల్లాడుతున్న రోజులవి. దొరికిన పనిని దొరికిన కూలికి ఎన్ని గంటలైనా చేసే స్థితిలో జనం వుండగా, కూలికి ఒక అడుగు, గంటలకు ఒక హద్దు పెట్టటం ఆ చట్టం ఉద్దేశం. తొలుత కనీస వేతనం గంటకు 25 సెంట్లు. వారానికి 44 గంటల హద్దు పెట్టి 1940 నాటికి 40కి దింపారు. ఆ 40 నేటికీ నిలిచి వుంది. వారంలో 40 గంటలు దాటి చేసిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు జీతం ఇవ్వాలి.

కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 2009 జూలై 24 నుంచీ అది మారలేదు. రాష్ట్రాల చట్టాలు వేరే వున్నాయి. టెక్సాసులో కేంద్రం లెక్కే చెల్లుతుంది. కాలిఫోర్నియా, వాషింగ్టను, న్యూయార్కు రాష్ట్రాల్లో కనీస వేతనం దానికి రెట్టింపు మించి వుంది. కాలిఫోర్నియాలో వారం లెక్క చాలదు. రోజుకు 8 గంటలు దాటినా ఓవర్‌టైం ఇవ్వవలసిందే. రెండు చట్టాలు ఒకే మనిషికి వర్తిస్తే, పనివాడికి ఏది ఎక్కువ మేలైతే అది ఇవ్వాలి. కాబట్టి డల్లాస్‌లో వ్యాపారం చేసే మిత్రుడి సలహా విని శాన్‌హోసేలో జీతాలు బట్వాడా చేస్తే మునుగుతారు.

ఇక దావా పడితే ఏమవుతుందో చూడండి. కేంద్ర చట్టం క్రింద ఎగవేసిన జీతం ఎంతో, సాధారణంగా అంత సొమ్మూ నష్టపరిహారంగా అదనంగా కట్టాలి. గెలిచిన పనివాడి ప్లీడరు ఫీజు కూడా యజమానే కట్టాలి. గడచిన 2 సంవత్సరాల బాకీ అడగవచ్చు. తెలిసి తెలిసీ ఎగ్గొట్టాడని రుజువైతే 3 సంవత్సరాలది. ఒకడు దావా వేస్తే, అదే స్థితిలో వున్న తోటివారు కూడా వ్రాతపూర్వకంగా సమ్మతించి అందులో చేరవచ్చు.

చిన్న లెక్క వేద్దాం. ఒక హోటల్లో 15 మంది పనివాళ్ళు. వారానికి 6 రోజులు, మొత్తం 40 గంటల పని. గంటకు 12 డాలర్లు. యజమాని దుర్మార్గుడేమీ కాదు. "గడియారం నొక్కేముందు ఒక్క పది నిమిషాలు ముందుగా వచ్చి బల్లలు సర్దండయ్యా" అంటాడు. పది నిమిషాల చొప్పున 6 రోజులకు ఒక గంట. అది 40 దాటిన గంట కాబట్టి దాని ఖరీదు 18 డాలర్లు. 15 మందికి వారానికి 270. రెండేళ్ళకు, అనగా 104 వారాలకు, 28,080 డాలర్లు. నష్టపరిహారంతో రెట్టింపు చేస్తే 56,160. తెలిసి చేశాడని తేలి మూడేళ్ళకు కడితే 84,240. దీనిమీద రెండు వైపుల ప్లీడర్ల ఫీజులు. బల్లలు సర్దటానికి ఇంత ఖర్చని ముందు తెలిస్తే ఏ యజమానైనా తానే సర్దుకునేవాడు!

లెక్క వ్రాయనివాడి గతి

"వాడు నిజంగా పది నిమిషాలు ముందు వచ్చాడని రుజువేమిటి?" అని అడగబోతున్నారు కదూ? సరిగ్గా ఈ ప్రశ్నకే అమెరికా సుప్రీంకోర్టు 1946లో జవాబు చెప్పింది. మిచిగన్ రాష్ట్రంలో మౌంట్ క్లెమెన్స్ అనే వూళ్ళో పింగాణీ ఫ్యాక్టరీ వుండేది. గేటు లోపల గడియారం నొక్కి, అక్కడ నుంచి తమ పని బల్ల దాకా నడిచి, ఆప్రాను కట్టుకుని, యంత్రం సిద్ధం చేసుకునే కాలానికి జీతం ఇవ్వటం లేదని పనివాళ్ళు దావా తెచ్చారు. వారి దగ్గర నిమిషాల చిట్టా లేదు. గంటల లెక్క వ్రాసి వుంచే విధి చట్టం యజమాని మీద పెట్టింది, అతను సరిగా వ్రాయకపోతే ఆ లోపానికి పనివాణ్ణి శిక్షించకూడదు అన్నది కోర్టు. పనివాడు సమంజసమైన అంచనా చూపితే చాలు. అది తప్పని నిరూపించే బాధ్యత యజమానిదే.

ఆ తీర్పు తరువాత దేశంలో దావాలు వెల్లువలా వచ్చిపడ్డాయి. 1947లో అమెరికా కాంగ్రెసు మరొక చట్టం చేసి, పనికి నడిచివచ్చే కాలాన్ని, అట్లాంటి కొన్ని ముందు వెనుకల పనులను మినహాయించింది. అయితే లెక్క వ్రాయనివాడి గురించి చెప్పిన సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు. 2016లో టైసన్ ఫుడ్స్ అనే పెద్ద మాంసం కంపెనీకి ఇదే అనుభవమయింది. అయోవా రాష్ట్రంలోని ఫ్యాక్టరీలో పనివాళ్ళు రక్షణ దుస్తులు తొడుక్కోవటానికి, విడవటానికి పట్టే కాలాన్ని కంపెనీ ఎవరికెంతో నమోదు చేయలేదు. ఒక నిపుణుడు వీడియోలు చూసి, కొన్ని విభాగాల్లో సగటున 18 నిమిషాలు, మరొక విభాగంలో 21 నిమిషాల పైచిల్లర పడుతున్నదని తేల్చాడు. ప్రతి మనిషికీ సగటు ఎట్లా అంటగడతారని కంపెనీ వాదించింది. మీ దగ్గర లెక్క లేనప్పుడు ఆ సగటును ఆధారంగా చూపవచ్చునని సుప్రీంకోర్టు అన్నది. జ్యూరీ విధించిన 29 లక్షల డాలర్లు నిలిచాయి.

కనుక యజమానులు గుర్తుంచుకోవలసిన మొదటి మాట ఇది: గంటల పుస్తకం మీరు వ్రాయకపోతే, కోర్టులో పనివాడి జ్ఞాపకమే పుస్తకమవుతుంది. అతని జ్ఞాపకంలో ఆలస్యంగా వచ్చిన రోజులు వుండవు. ఆలస్యంగా వెళ్ళిన రోజులే వుంటాయి.

నెలజీతం ఇస్తే ఓవర్‌టైం లేదా?

మనవాళ్ళలో బలంగా నాటుకున్న అపోహ ఒకటుంది. "ఫలానా అతనికి మేనేజరని పేరు పెట్టాం, వారానికి ఇంతని జీతం మాట్లాడాం, ఇక ఎన్ని గంటలు చేసినా మనకు పట్టదు" అనుకుంటారు. అమెరికా చట్టం పేరును చూడదు. ఓవర్‌టైం లేకుండా చేయించుకోవాలంటే సాధారణంగా మూడు నిబంధనలు కలవాలి. జీతం గంటలతో నిమిత్తం లేకుండా స్థిరంగా వుండాలి. అది వారానికి కనీసం 684 డాలర్లు కావాలి. 2024లో ఈ మొత్తాన్ని పెంచారు గాని, అదే సంవత్సరం నవంబరులో టెక్సాసులోని ఫెడరల్ కోర్టు ఆ పెంపును కొట్టివేసింది. కొన్ని రాష్ట్రాల హద్దు దీనికంటే ఎక్కువ. మూడవది, అతను నిజంగా అధికారి పనో, పాలనా వ్యవహారాల పనో, పండిత వృత్తి పనో చేస్తూ వుండాలి. మేనేజరని బోర్డు తగిలించి పొద్దస్తమానం గల్లాపెట్టె దగ్గర నిలబెడితే అతను మేనేజరు కాడు.

జీతం ఎక్కువైనంత మాత్రాన కూడా చాలదు. సముద్రం మీద నూనె బావిలో పనిచేసే ఒక పర్యవేక్షకుడికి సంవత్సరానికి 2 లక్షల డాలర్లకు పైగా ముట్టేది. అయితే అతనికి జీతం రోజు లెక్కన కట్టేవారు. 2023లో సుప్రీంకోర్టు అది చట్టం చెప్పిన స్థిర జీతం కాదు కాబట్టి అతనికి ఓవర్‌టైం ఇవ్వవలసిందేనని తీర్పు చెప్పింది. రెండు లక్షలు తీసుకునేవాడికి ఓవర్‌టైమా అని కంపెనీ ముక్కున వేలేసుకుని వుంటుంది. తప్పు మొత్తంలో లేదు, కట్టిన తీరులో వుంది.

మినహాయింపులను నమ్ముకుని పడవ ఎక్కేవారికి మెయిన్ రాష్ట్రపు పాల కంపెనీ కథ ఒకటి చెప్పాలి. ఆ రాష్ట్ర చట్టంలో, పాడైపోయే ఆహారపదార్థాలకు సంబంధించిన కొన్ని పనులకు ఓవర్‌టైం లేదని ఒక జాబితా వుండేది. నిలవచేయటం, ఎండబెట్టటం వగైరాల చివర రవాణాకు గాని పంపిణీకి గాని మూటకట్టటం అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. పంపిణీ అన్న మాటకు ముందు కామా లేదు. కామా వుంటే పంపిణీ ఒక వేరే పని అయ్యేది. పాలు పంచే లారీ డ్రైవర్లకు ఓవర్‌టైం లేకుండా పోయేది. లేదు గనుక, మూటకట్టేవారికే ఆ మినహాయింపు అని డ్రైవర్లు వాదించారు. అర్థం సందిగ్ధంగా వున్నప్పుడు పనివారికి అనుకూలంగా చదవాలని 2017లో అప్పీలు కోర్టు వారి పక్షం తీర్పు చెప్పింది. ఓక్‌హర్స్ట్ డెయిరీ అనే ఆ కంపెనీ 2018లో 50 లక్షల డాలర్లకు రాజీపడింది. కామా అంత ఖరీదైన గుర్తని మన తెలుగు మేష్టార్లు కూడా ఎన్నడూ చెప్పి వుండరు! నేర్చుకోవలసిందేమంటే, మినహాయింపు వున్నదో లేదో సందేహమైతే లేదనుకుని జీతమిచ్చేవాడు సుఖపడతాడు. మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయవలసిన భారం యజమానిదే.

ఏం చేయాలి?

మొదటిది, గడియారం. పని మొదలయ్యే చోటే గడియారం వుండాలి. పని ఆఖరైన తరువాతే నొక్కాలి. తలుపు తాళం వేయటం కూడా పనే. ఎవరి గంటలు వారే నమోదు చేసి, వారం చివర తానే చూసుకుని సరే అనే ఏర్పాటు చేయండి. మేనేజరు ఆ అంకెలు దిద్దితే ఎందుకు దిద్దాడో వ్రాసి, పనివాడి చేత ఒప్పించాలి. జీతాల పుస్తకాలు 3 సంవత్సరాలు, హాజరు కార్డులు 2 సంవత్సరాలు దాచాలని కేంద్ర నిబంధన. మూడేళ్ళూ అన్నీ దాచటం మంచిది.

రెండవది, భోజన విరామం. అరగంట పూర్తిగా పని లేకుండా వదిలితేనే దానికి జీతం మినహాయించవచ్చు. రాత్రిపూట ఒంటరిగా మోటలు కౌంటరులో కూర్చుని, ఒక చేత్తో అన్నం ముద్ద, ఒక చేత్తో టెలిఫోను పట్టుకున్నవాడికి అది విరామం కాదు. అయినా కంప్యూటరు తనంతట తాను రోజూ అరగంట కోసేస్తూ వుంటుంది. ఆ కోత చాలా దావాలకు మొదటి పేజీ. ఇక 5 నుంచి 20 నిమిషాల చిన్న విరామాలకు జీతం ఇవ్వాలి. కాఫీ త్రాగిన కాలమని కోయకూడదు.

మూడవది, చెప్పకుండా చేసిన పని. "నేను వుండమనలేదు, వాడే వున్నాడు" అంటే చెల్లదు. పని జరుగుతున్నదని తెలిసి వూరుకుంటే చేయించినట్లే. వద్దన్నా ఓవర్‌టైం చేసినవాణ్ణి మందలించవచ్చు గాని, చేసిన గంటలకు జీతం మానకూడదు. ఇంటికి వెళ్ళిన తరువాత ఫోనులో పంపే సందేశాలకు జవాబు చెప్పించుకోవటం కూడా ఈ కోవలోదే. రాత్రి పదకొండు గంటలకు "రేపటి సరుకు జాబితా పంపు" అనే అలవాటున్న యజమాని ఆ అలవాటయినా మానుకోవాలి, ఆ నిమిషాలయినా లెక్కలో వేయాలి.

నాలుగవది, బోనసు. గంటకు 12 డాలర్ల మనిషి వారంలో 50 గంటలు చేశాడు. పని బాగా చేస్తే 50 డాలర్లు బోనసని ముందే మాట ఇచ్చారు. చాలామంది 40 గంటలకు 480, పది గంటలకు 18 చొప్పున 180, బోనసు 50, వెరసి 710 ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అది తప్పు లెక్క. 50 గంటలకు 600, బోనసు 50, కలిపి 650ని 50 గంటలతో భాగిస్తే గంటకు 13 వస్తుంది. దానిలో సగం ఆరున్నర చొప్పున పది గంటలకు 65 అదనం. వెరసి 715. తేడా 5 డాలర్లే గాని, తేడా వున్నదంటే దావాకు తావున్నట్టే.

ఐదవది, కాంట్రాక్టరు అనే ముసుగు. మీరు చెప్పిన వేళకు వచ్చి, మీరు చెప్పిన పని, మీ సామానుతో, మీ కొక్కరికే చేసేవాణ్ణి కాగితం మీద స్వతంత్ర కాంట్రాక్టరని వ్రాసి, 1099 ఫారం చేతిలో పెట్టినంత మాత్రాన అతను స్వతంత్రుడు కాడు. కోర్టు ఫారం ప్రక్కన పెట్టి, అసలు సంబంధం ఎట్లా వున్నదో చూస్తుంది.

కంప్యూటరు కన్సల్టెన్సీలు నడిపే మనవారికి ఇంకొక హెచ్చరిక. హెచ్-1బి వీసా మీద తెచ్చిన కుర్రవాడికి ప్రాజెక్టు దొరకలేదని, "బెంచి మీద" కూర్చోబెట్టి జీతం ఆపకూడదు. అది వేరే చట్టం. అయినా విచారించేది కార్మికశాఖలోని ఇదే వేతనాలు, పనిగంటల విభాగం. పని చూపలేకపోవటం యజమాని ఇబ్బంది. కుర్రవాడి అద్దె మాత్రం ఆగదు గదా.

ఆరవది, సమ్మతి పత్రాలు. "ఓవర్‌టైం అక్కరలేదని వాడే సంతకం పెట్టాడు" అని కాగితం తీసి చూపేవారున్నారు. కనీస వేతనాన్ని, ఓవర్‌టైమును వదులుకునే హక్కు పనివాడికి కూడా లేదని 1945లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఒకరు వదులుకుంటే, వదులుకోనివారికి పని దొరకదు. అందుకని చట్టం ఆ దారి మూసేసింది. అట్లాగే బాకీ తీర్చేటప్పుడు ఇద్దరూ గుట్టుగా రాజీ కాగితం వ్రాసుకుంటే అది నిలవకపోవచ్చు. కార్మికశాఖ పర్యవేక్షణలోనో, కోర్టు ఆమోదంతోనో తీర్చుకుంటే గట్టిది.

ఇక్కడ మన తెలుగు ఇళ్ళలో ఒక చిక్కు వుంది. యజమాని, అతని భార్య, బిడ్డలు, తలిదండ్రులు మాత్రమే పనిచేసే దుకాణాన్ని కేంద్ర చట్టం కొంత వరకు విడిచిపెట్టింది. కాని మనకు చుట్టరికం అంతటితో ఆగదు. బాబాయిగారి తోడల్లుడి కొడుకు కూడా తమ్ముడే. "అన్నయ్యా, నాకు జీతమెందుకు, భోజనం పెట్టండి చాలు" అని వచ్చిన తమ్ముడు, ఏడాది తిరిగేసరికి ఏదో మాట పట్టింపు వచ్చి వెళ్ళిపోతాడు. అన్నగారి ఇంట్లో భోంచేసినది పద్దు లేదు; తెల్లవారుజామున బంకు తెరచినది మాత్రం కెమేరాలో వుంటుంది. చుట్టమైనా సరే, మొదటిరోజునే అతని గంటలకు పుస్తకం తెరవండి. చుట్టరికం కూడా నిలుస్తుంది.

ఏడవది, ఫిర్యాదు. ఒక పనివాడు వచ్చి "నా లెక్క తక్కువ వచ్చింది" అన్నాడంటే అది మీకు శుభవార్త. ప్లీడరు దగ్గరకు వెళ్ళకుండా మీ దగ్గరకే వచ్చాడు. కూర్చోబెట్టి పుస్తకం తెరవండి. తప్పుంటే ఆ వారమే కట్టి, ఇతరులకు కూడా అదే తప్పు జరిగిందేమో చూడండి. అడిగినందుకు అతని షిఫ్టు తగ్గించటం, ఉద్యోగం తీసివేయటం పెద్ద ప్రమాదం. అది రెండవ దావా అవుతుంది. ఫిర్యాదు వ్రాతలో ఇవ్వనక్కరలేదు, నోటితో చెప్పినా రక్షణ వున్నదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వ్యాజ్యం కూడా గడియారం ఎక్కడ పెట్టారన్న దాని మీదనే మొదలయింది.

చివరిది, సంవత్సరానికొకసారి కార్మిక చట్టం తెలిసిన ప్లీడరుకు మీ పుస్తకాలు చూపి, ఆయన చెప్పినది వ్రాయించుకోండి. యజమాని సద్బుద్ధితో, తగిన ఆధారంతో నడుచుకున్నానని రుజువు చేయగలిగితే, రెట్టింపు నష్టపరిహారాన్ని తగ్గించే అధికారం కోర్టుకు వుంది. ఆ కాగితం ఆనాడు అక్కరకు వస్తుంది.

మన గడ్డమీద

ఇంతకూ మన దేశంలో వున్న యజమానులు గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చునా అంటే, అదీ కాదు. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల కోడు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. అమెరికాలో ఓవర్‌టైం ఒకటిన్నర రెట్లయితే, ఇక్కడ రెండు రెట్లకు తగ్గకూడదు. బాకీ కొరకు 3 సంవత్సరాలలోగా అడగవచ్చు. విచారించే అధికారి బాకీకి తోడు పది రెట్ల దాకా పరిహారం విధించవచ్చు. జీతం ఇచ్చానని రుజువు చేయవలసిన భారం యజమానిదే. మౌంట్ క్లెమెన్సులో 1946లో చెప్పిన న్యాయానికి దగ్గర చుట్టమే ఇదీ. విజయవాడలో బట్టల కొట్టు పెట్టినవారికైనా, వరంగల్లులో హోటలు పెట్టినవారికైనా పుస్తకమే రక్ష.

కొందరు యజమానులు బాధపడతారు: "నిమిషం నిమిషం లెక్క చూసుకుంటే మనిషికీ మనిషికీ మధ్య మమకారం ఏముంటుంది? మా దగ్గర పనివాళ్ళు ఇంటిమనుషుల్లా వుంటారు." ఆ మాటలో అబద్ధం లేకపోవచ్చు. కాని మమకారం పేరుతో పుచ్చుకునేది ఎప్పుడూ ఒకవైపే అయితే, ఇంటిమనిషి అన్న మాటకు అర్థం మారిపోతుంది. కొలువులో వున్నన్నాళ్ళు నోరెత్తని మనిషి కూడా ఆ నిమిషాలను మరచిపోడు. అవమానపడి వెళ్ళిపోయిన నాడు అన్నీ ఒక్కసారి గుర్తుకు వస్తాయి. లెక్క ప్రకారం ముట్టినవాడికి గుర్తుపెట్టుకోవలసినదేమీ వుండదు. పండుగకు కొత్తబట్టలు పెట్టి, కష్టానికి ఆదుకుని, ఆపైన మమకారం చూపవచ్చు. ఎవరూ అడ్డురారు.

మీకు దుకాణం వుంటే ఈ వారం ఒక పని చేయండి. తెరిచేవేళ ఒకసారి, కట్టేవేళ ఒకసారి ఒక మూల నిలబడి, మీ మనుషులు గడియారం నొక్కకముందు ఏం చేస్తున్నారో, నొక్కిన తరువాత ఏం చేస్తున్నారో చూడండి. చూసినది వ్రాసుకోండి. మీకు అమెరికాలో కొడుకో అల్లుడో వుంటే, ఈసారి ఫోనులో మాట్లాడేటప్పుడు వ్యాపారం ఎట్లా వున్నదని అడిగిన తరువాత, పనివాళ్ళ గంటల పుస్తకం ఎవరు వ్రాస్తున్నారని కూడా అడగండి. జవాబు తడబడితే, ఈ వ్యాసం చదివి వినిపించండి.